నలభై రెండో పీపా

తుఫాను వెళ్ళిన పదకొండో రోజు
కొండ రోడ్డు మీద నా ట్రక్కు.
చేతిలో జాబితా: నలభై రెండు నీలం పీపాలు.
మాత్రల ఫ్యాక్టరీ గేటు దగ్గర
కాపలావాడెవరో మంచిమనసుతో పంచిపెట్టినవి.
మందం ప్లాస్టిక్, గట్టి మూత, చుక్క కారదు.
"కడిగే ఇచ్చాం" అన్నారు ఫ్యాక్టరీవాళ్ళు.
దేనితో కడిగారో ఏ కాగితం మీదా లేదు.

ప్యూర్టో రికో ఉత్తర తీరం, మాది సున్నపురాతి నేల.
పైన ఏది ఒలికినా నిలవదు.
జల్లెడలోంచి జారినట్టు లోపలికి దిగి
మూడు ఊళ్ళ అవతల ఎవరి బావిలోనో తేలుతుంది.
అందుకే విషానికి
పుట్టిన చోటు నుంచి బూడిదయ్యే దాకా
చేతులు మారిన ప్రతిసారీ ఒక సంతకం.
మనిషికైనా ఇన్ని కాగితాలుండవు.

నలభై ఒకటి తేలిగ్గానే దొరికాయి.
ఒకదాంట్లో కోళ్ళ దాణా.
ఒకటి నిలువునా కోసి పసివాడికి స్నానాల తొట్టి.
ఒకదానికి మేకతోలు బిగించి
చీకట్లో బోంబా వాయించుకుంటున్నారు.
వాయిద్యం లాక్కోవడం నా ఉద్యోగంలో అదే మొదలు.

నలభై రెండోది దోన్యా ఎవులోహియా చూరు కింద.
అంచు దాకా వాన నీళ్ళు.
"కుళాయి చచ్చి పదకొండు రోజులు, ఇరైదా.
ముందు నీళ్ళు తే. తర్వాత నా పీపా ముట్టుకో."

గోడలకి పట్టిన మందు నీళ్ళలోకి దిగుతుందన్నాను.
"ఏం మందు?"
గుండె దడకి ఇచ్చేది.
లోపలికెళ్ళి సీసా తెచ్చింది.
అదే పేరు. అడుగున మూడు మాత్రలు,
సగం సగం విరిచినవి.
"మందుల షాపు పైకప్పు ఎగిరిపోయింది.
ఇక ఈ నీళ్ళే తాగుతా, పైసా ఖర్చులేదు."

నవ్వకూడదనుకున్నాను. నవ్వాను.
కొలత తెలియని మందుకి ఇంకో పేరుందని
చెప్పబోయేలోగా
ఆమె మనవడు మూత బిగించడం మొదలుపెట్టాడు.

"పోనీ, అరటి పాదులోకైనా వంపనీ."
వంపకూడదు. నేల తాగుతుంది.
"నేల తాగకూడదు, నేను తాగకూడదు,
మరి ఎవరి కోసం కురిసినట్టు?"

నా వాటా నీళ్ళ డబ్బా దించాను.
రెండు వందల లీటర్లు తీసుకుని నాలుగు.
ఆమె రెంటినీ కళ్ళతో తూచింది, ఏమీ అనలేదు.
అనుంటే బావుండేది.

బానెట్ మీద ఫారం పరిచాను.
వ్యర్థం పేరు: వాన.
రాసి, కొట్టేసి, మళ్ళీ అదే రాశాను.
తర్వాతి గడి: ఉత్పత్తి చేసినవారు.
కలం ఆగింది.

భుజం మీంచి తొంగిచూసింది ముసలామె.
"ఆకాశం పేరు రాసేవు.
పాపం, దానికి సంతకం పెట్టడం రాదు."

ఫ్యాక్టరీ పేరు రాశాను, గేటు నంబరుతో సహా.

దిగుడు రోడ్డు పొడుగునా
వెనకాల పీపాలో నీళ్ళు తొణుకుతూనే ఉన్నాయి.
గుమ్మాల్లో బిందెలు పట్టుకుని జనం లేచి నిలబడ్డారు,
ఆ చప్పుడు విని,
నేను నీళ్ళు తెస్తున్నాననుకుని.