చేతులు లేని కుర్చీలు

ఈ కేంద్రంలో నా పని కుర్చీలు.
డాక్టరు రక్తం చూస్తాడు, ఇంగున్ మోకాళ్లు వంచి చూస్తుంది,
నేను మరలు బిగిస్తాను.
చేతులు లేని కుర్చీలు, వెడల్పాటి పీటలు,
బర్చ్ చెక్క కింద ఇనప పట్టీలు.
రెండువందల యాభై కిలోల ఇసుక బస్తాలు ఎత్తి
రాత్రంతా వదిలేస్తాను ఒక్కోదాని మీద.
తెల్లారాక, జనవరిలో ఇక్కడ తెల్లారడమంటే పదిగంటలు దాటాకే,
కిర్రుమనకపోతేనే భోజనాల హాల్లోకి.

ఆదివారం సాయంత్రం ఫెర్రీ దిగి వస్తారు
పన్నెండుమంది, మూడు వారాల బసకి.
ఒళ్లు దాచుకోవడమంటే
పని ఎగ్గొట్టడమనే అనుకునేవాణ్ణి ఇన్నాళ్లూ.
కాదు.
నల్లకోట్లు తొడుక్కుని, తలుపు పక్క గోడకి ఒదిగి
వీళ్లు నిజంగానే దాచుకుంటారు,
దాగనిదాన్ని.

కూర్చునే ముందు అందరిదీ ఒకటే అలవాటు.
అరచేత్తో పీటని ఒక్కసారి నొక్కుతారు,
దుమ్ము దులుపుతున్నట్టు, ఎవరూ చూడకుండా.
ఆ ఒక్క నొక్కులో ఎన్ని కుర్చీలు విరిగాయో:
బడిలో ఒకటి, మేనత్త పెళ్లిలో ఒకటి,
విమానంలో బెల్టు చాలనప్పుడు
పక్కసీటువాడి నిట్టూర్పు ఒకటి.
ఇసుక బస్తాలకి ఇవేం తెలుసు?

గుడ్‌లౌగ్ మంచు తోసే బండి నడుపుతుంది
ఉత్తరాన కనుమ దారిలో, ఇరవై రెండేళ్లుగా.
"తుఫానులో నా బండి ఆగితే వాతావరణం తప్పంటారు.
మెట్ల మీద నేను ఆగితే నా తప్పంట."
అంటూ నవ్వింది. నొక్కింది. కూర్చుంది.

పొద్దున్నే తూకం, ఆపైన
రెండు కర్రలు పట్టుకుని పడవల కొట్టం దాకా నడక.
వేడినీళ్ల కొలనులో
నీళ్లు మోస్తుంటే, మోయించుకోవడం మరిచిపోయినవాళ్లు
గట్టు పట్టుకునే నిలబడతారు చాలాసేపు.
ఇక్కడ నోరు కట్టుకోమని ఎవరూ అనరు.
ఎప్పుడు తిన్నావు, ఎదురుగా ఎవరున్నారు,
అది ఆకలేనా, అని అడుగుతారు.
పుస్తకంలో రాసుకోమంటారు.

ఒక సాయంత్రం గోడ ఇవతల సోఫా కాలు బిగిస్తుంటే
అవతల నుంచి గుడ్‌లౌగ్ గొంతు:
"అమ్మ పోయిన చలికాలం
బండిలో ఎండు రొట్టె తింటూనే ఉన్నాను.
ఆకలికి కాదు.
నమిలితే చప్పుడవుతుంది కదా, అందుకు."
అవతల ఎవరూ మాట్లాడలేదు.
నా మర కూడా తిరగడం ఆగింది.

మూడోవారం, గురువారం.
కాడ్ చేపని ఉడికించాలా వేయించాలా అని
హాల్వర్‌తో గొడవపడుతూ, ఒక చేత పళ్లెం, ఒక చేత గ్లాసు,
ఆమె కూర్చుంది.
నొక్కలేదు.
మాట మధ్యలో, చూడకుండా, అలా కూర్చుంది.
హాలంతా చేప గొడవలో ఉంది.
నేనొక్కణ్ణే చూశాను, చేతిలో స్క్రూడ్రైవరుతో.

ఆఖరి తూకం ఎంత చూపిందో నాకు తెలీదు.
ఎవరో చప్పట్లు కొట్టారు, ఎవరో స్నానాలగదిలోకి పోయి
చాలాసేపు నల్లా తిప్పి ఉంచారు.
హాల్వర్‌కి బాగా తగ్గిందన్నారు.
మరుసటేడు అతను రాలేదు. అది మంచికో చెడుకో.

గుడ్‌లౌగ్ వచ్చింది.
పోయిన కిలోలన్నీ తిరిగొచ్చాయి,
ఇంకో నాలుగింటిని చుట్టాల్లా వెంటబెట్టుకుని.
తనే చెప్పింది, కోటు విప్పుతూ.
నేను ఆమె అరచేతి వైపే చూస్తున్నాను.
అది కనిపెట్టి
"నీ కుర్చీల సంగతి నాకు తెలుసులేవయ్యా" అని చతికిలబడింది.
"మా ఊరి కాఫీకొట్టువాడితో పోట్లాడి
చేతుల్లేనివి రెండు చేయించాను.
ఒకటి కిర్రుమంటోంది. కొలతలు రాసివ్వు."

కాగితం దొరకలేదు.
తిండి లెక్కల పుస్తకం తీసి చివరిపేజీ తెరిచిచ్చింది.
పీట వెడల్పు అరవై. అడుగున ఇనప పట్టీ. మరలు పన్నెండు.
ఎదురు పేజీలో ఒక రాత్రి పదకొండింటికి
'ఆకలి కాదు' అని రాసి, కొట్టేసి,
కింద ఇంకా ఒత్తి రాసి ఉంది
'ఆకలే'.

చదవనట్టు మూసి ఇచ్చాను.