చప్పుడు గడి

హెక్సమ్ ఊళ్ళో పశువుల ఆస్పత్రి.
రాత్రి డ్యూటీలో నా పని ఫోన్లెత్తడం,
కెటిల్ పెట్టడం, కేసు షీటులో గళ్ళు నింపడం.
జ్వరం ఎంత. నాడి ఎంత. చిగుళ్ళ రంగు.
అయిదో గడి: చప్పుడు.

అక్కడికొచ్చేసరికి నా పెన్ను ఆగేది.

మనకి మెల్లని చప్పుళ్ళన్నీ కవలలే.
గుసగుస. కువకువ. గురగుర.
ఒకటి అని రెండోది అనకపోతే
నోరు ఎవరికో బాకీ పడ్డట్టుంటుంది.
వీళ్ళది ఒక్క దెబ్బ.
పావురం కూ, పిల్లి పర్, గొర్రెపిల్ల బ్లీట్.
ఒక్కసారి అనేసి తలుపేసుకుంటారు.

మొదటి వారం ఒక లాబ్రడార్‌కి
'గ్రోన్' అని రాశాను.
డాక్టర్ మోయిరా కొట్టేసి 'వింపర్' అని దిద్దింది.
మొదటిది నొప్పిట, రెండోది భయంట.
నాకు తెలిసినంతలో అది కుయ్‌కుయ్.
అది ఆ గడిలో పట్టదు.

అప్పట్నుంచి కోటు జేబులో చిన్న నోటుబుక్కు.
మంబుల్ మనిషికే.
మర్మర్ మనిషికీ, గుండెకీ, ఏటికీ.
హమ్ మనిషికీ, మందుల ఫ్రిజ్‌కీ.
స్క్వీక్ ఎలుకకీ, వానలో వచ్చిన నా బూటుకీ.

ఆ రోజూ వానే. ఏప్రిల్ చివర.
కొండమీది ఎల్‌వుడ్
ట్రైలర్‌లో తన గుర్రం ట్యాన్సీని తెచ్చాడు.
పిల్ల అడ్డం తిరిగింది.
మోయిరా భుజం దాకా చెయ్యి పెట్టింది.
నేను టార్చి పట్టుకున్నాను, కొంతసేపు కళ్ళు మూసుకుని.

రెండున్నరకి పడింది,
తడిసిన గోనెసంచిలా,
కాళ్ళు ఒకటో రెండో ఎక్కువైనట్టు.
ట్యాన్సీ మెడ వంచి
నోరు తెరవకుండానే ఏదో అంది.
రాశాను: విన్నీ.

"ఏమంది?" అన్నాడు ఎల్‌వుడ్.
చెవి మిషన్‌లో బ్యాటరీ అయిపోయింది.
షీటు చూపించాను.
తల అడ్డంగా ఊపి, నా అరచెయ్యి తీసి
గుర్రం గొంతుకి ఆనించాడు. "ఉండు, మళ్ళీ అంటుంది."

అంది. ఆవలి గదిలో ఎవరో
మెల్లిగా బల్ల జరిపినట్టు, చెవి కన్నా ముందు చేతికి.

"విన్నీ గోడ అవతలి వాళ్ళకి.
ఇది పక్కనే ఉన్నవాళ్ళకి.
నికర్."

"మీ భాషలో?" అని అడిగాడు.
సకిలింపు, అన్నాను. మళ్ళీ గట్టిగా అన్నాను.
నా పెదాలు చూసి నవ్వాడు.
"పరిగెడుతోందే, ఆ మాట."
నిజమే. మన సకిలింపులో డెక్కలున్నాయి, దుమ్ముంది,
బ్యాండు మేళానికి బెదిరిన పెళ్ళి గుర్రముంది.
బాలింత గుర్రం లేదు.

వెతికాను.
గుర్రు, అది నిద్రది.
గొణుగుడు, అందులో ఒప్పుకోని మనసుంది.
సణుగుడు, సరే, అది మా అత్తగారిది.

పిల్ల లేవబోయి పడింది. ట్యాన్సీ మళ్ళీ అంది.
అప్పుడు తట్టింది.
కథ చెప్పేవాళ్ళు ఊపిరి కోసం ఆగితే
చీకట్లో పక్కమీంచి వచ్చేది.
వింటున్నా, ఇంకా నిద్రపోలేదు, చెప్పు.
ఊఁ.
ఊఁ కొట్టడం అంటాం,
ఎవరూ ఎవర్నీ కొట్టకపోయినా.

"నోరు మూసుకునేనా?"
మూసుకునే.
తన గొంతు మీద తనే చెయ్యి పెట్టుకుని
ఎల్‌వుడ్ అన్నాడు. ఇంకోసారి అన్నాడు.
"జోన్ చేసేది ఇలా.
నేను పేపరు చదువుతుంటే, అవతల అల్లుకుంటూ.
మేం దానికేం పేరు పెట్టలేదు."
తర్వాత టీ అడిగాడు. రెండు చెంచాల పంచదార.

షీటులో విన్నీ కొట్టేసి నికర్ అని రాశాను.
గడిలో ఇంకా కొంచెం చోటుంది.
ఊఁ అని కూడా రాశాను, మన అక్షరంలోనే.

తెల్లారి మోయిరా షీటు ఎత్తి
కిటికీ వెలుతురులో పెట్టి చూసింది.
"ఈ మరక టీదా?"
చప్పుడుది, అన్నాను.
కాసేపు నన్నే చూసింది.
"తల్లీ పిల్లా బాగున్నట్టేగా?"

ఊఁ.