పనిచేసే చోటు

నూట పది రూపాయల యాలకుల పొట్లం.
పర్సులో ఐదొందల నోటు ఉంది.
ఎందుకు తీశావని మూడుసార్లు అడిగాడు
లక్ష్మీపురం షాపు మేనేజరు.
నాకు తెలిస్తే కదా.

పొట్లం చేతికిచ్చి ఫోటో తీశాడు,
పలక పట్టుకున్న బడిపిల్లలా నిలబడ్డాను.
తెల్లకాగితం మీద పేరు, వీధి,
పనిచేసే చోటు...
అక్కడ ఆగింది పెన్ను.
అబద్ధం రాసి ఉండొచ్చు.
దొంగతనానికి లేవని వణుకు
అంత చిన్న అబద్ధానికి వచ్చింది చేతికి.

సోమవారం.
కోల్డ్ స్టోరేజీ ఓనరు గదిలో ఫోను మోగినప్పుడల్లా
మిరప ఘాటు వంక పెట్టి దగ్గుతున్నాను.
పదకొండింటికి "నీలవేణీ" అని కేక.
ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని వెళ్ళాను.
టీ చెప్పమన్నాడు, అంతే.

చిట్టీ ఇంకా ఏడు నెలలు కట్టాలి.
ఇక్కడ పోతే
యార్డు చుట్టుపక్కల ఇంకెవరూ రానివ్వరు,
ఘాటు కన్నా ముందు మాట పాకుతుంది ఈ గుంటూరులో.

సాయంత్రం ఆరింటికి గేటు.
తొడిమలు తీసే ఆడవాళ్ళ క్యారేజీలు తెరిపించి
చూడటమే నా ఉద్యోగం.
పోయిన నెల దీనమ్మ కొంగు ముడిలో
గుప్పెడు మిరపకాయలు దొరికితే
నేనే రాసిచ్చాను ఓనరుకి,
గుండ్రటి అక్షరాలతో, ఇంటిపేరుతో సహా.
ఆవిడిప్పుడు ఎక్కడ పనిచేస్తుందో
కనుక్కోలేదు.

ఇవాళ కూడా ఒక్కొక్కరే
అడగకముందే మూత తీసి నా ముందు పెడుతున్నారు.
అడుగున అంటిన పచ్చడి మెతుకులు.
నా చూపు అక్కడిదాకా దిగడం లేదు.
"చూడమ్మా, బస్సెల్లిపోద్ది"
అంటోంది వరుసలో ఎవరో.