ఉప్పు దారి

నవంబరు రెండో వారంలో ఓ రాత్రి
ఉప్పు లారీ మొదటిసారి మా వీధిలోకి వస్తుంది.
వెనక పళ్ళెం గిర్రున తిరుగుతూ
తలంబ్రాలు పోసినట్టు రోడ్డంతా చల్లిపోతుంది.
హార్నోసాండ్‌లో చలికాలం నాకు
మంచుతో మొదలవదు, ఆ గరగరతో మొదలవుతుంది.
పాత కార్లకు వెల్డింగు చేసేదాన్ని.
ఆ ఉప్పే నా బువ్వ.

రూనే హెడ్‌బ్లోమ్‌కి ఓ సాబ్ ఉంది,
అరవై ఏడు నాటిది, పెసర రంగు.
అలాంటి బండి దొరికితే అద్దాల గదిలో పెట్టి
చుట్టూ తాడు కట్టుకునేవాళ్ళున్నారు.
ఇతను రోజూ చీకటుండగానే
చేపలు పొగపట్టే షెడ్డుకి దాన్లోనే పోతాడు,
పక్క సీట్లో కుక్క, వెనక సీట్లో గంపలు.
తలుపు తీస్తే హెర్రింగు కంపు
మనకన్నా ముందు దిగుతుంది.

మే నెలలో నా దగ్గరికి తెస్తాడు.
పైకెత్తి, స్క్రూడ్రైవరు మొనతో పొడిస్తే
నేల అప్పడంలా విరుగుతుంది.
"ఎందుకయ్యా దీన్నిలా చంపుతావు?" అంటే
కాసేపు నిజంగానే ఆలోచించి
"మరి పనికెలా పోను?" అంటాడు.

పళ్ళ డాక్టరు ఎల్సా-మై నోర్లాండర్
రిటైరై పన్నెండేళ్ళు.
ఆమె తెల్ల వోల్వో వెచ్చటి గారేజీలో
మెత్తటి దుప్పటి కింద నిద్రపోతుంది.
అక్కడ మేం బూట్లు విప్పి నడుస్తాం.
ఏడాదికోసారి, నడివేసవిలో, ఆదివారం,
వాన రాదని రేడియో రెండుసార్లు చెప్తే
చర్చి దాకా, వెనక్కి.
తిరిగిన కిలోమీటర్లు ఓ నోటుబుక్కులో
సిరాతో రాసుకుంటుంది.

కదలని బండికీ జబ్బులుంటాయి.
రబ్బర్లు ఎండి పగుళ్ళిస్తాయి,
పెట్రోలు జిగురవుతుంది,
టైర్లు నేలకానినచోట బల్లపరుపవుతాయి.
వండకపోయినా ఇత్తడి గిన్నెకి చిలుము పట్టదూ!
ఆ మాట ఆమెకి చెప్పాను కూడా.
చెప్పి, డిక్కీ తెరిచి, నోరు మూసుకున్నాను.
లోపల రేకు మీద, సుద్దతో, ఏడు అంకె.
అరవై నాలుగులో ఫ్యాక్టరీలో ఎవరో
భోజనానికి లేచే తొందరలో రాసినట్టుంది.
ఇంకా ఉంది.
వేలు దగ్గరగా పెట్టాను గానీ తాకలేదు.

రూనే బండిలో అలాంటిదేమీ మిగల్లేదు.
నేల నాది, గడపలు నావి, చక్రాల గూళ్ళు నావి.
ఆ పెసర రంగు కింద
ఇప్పుడు సగం నేనే.
దాన్ని ఇంకా సాబ్ అనొచ్చా అని
ఎవరైనా అడిగితే బిల్లు చూపిస్తాను,
అంతకన్నా నాకేం తెలుసు.

మొన్న ఫిబ్రవరిలో, రాత్రి పదకొండింటికి ఫోను.
"నువ్వోసారి రావాలి," ఎల్సా-మై గొంతు.
వెళ్తే గారేజీ తలుపు బార్లా తెరిచి ఉంది.
తెల్ల బండి మోకాళ్ళ దాకా బురద.
ఆమె ఓవర్‌కోటులోనే వెల్లకిలా పడుకుని
గొట్టంతో గోరువెచ్చటి నీళ్ళు
బండి కడుపు కిందికి కొడుతోంది.
"ఏమైంది?"
"ఏమీ కాలేదు. రేవు దాకా వెళ్ళాను,
మంచు చూడ్డానికి."
"ఈ రాత్రా? ఈ ఉప్పులోనా?"
"హీటరు పనిచేస్తోంది తెలుసా," అంది.
"నలభై ఏళ్ళలో ఎప్పుడూ వెయ్యలేదు."

నేనూ పడుకున్నాను పక్కన.
నీళ్ళు మా చేతుల్లోకి, మెడల్లోకి కారాయి.
పెదవి తడిమితే ఉప్పగా ఉంది.
"ఒక్క రాత్రికి ఏమీ కాదు," అన్నాను.
అబద్ధం. మూల మలుపులో, అతుకు సందులో
ఓ చుక్క దాక్కుంటే చాలు దానికి.
ఆమెకీ తెలుసు, ముప్పై ఏళ్ళు
జనం పళ్ళసందుల్లో చూసిన మనిషి.

వచ్చేటప్పుడు బల్ల మీద నోటుబుక్కు తెరిచి ఉంది.
కింది గీతలో తేదీ, పక్కన నాలుగు కిలోమీటర్లు,
పెన్సిలుతో.

బయట లారీ మళ్ళీ వస్తోంది.
మే నెల దాకా ఏదీ తేలదు.
తుప్పు లోపల్నుంచి వస్తుంది.