దిద్దుబాటు

హాలిఫాక్స్‌లో ఫిబ్రవరి రాత్రి, మూడు దాటి పది.
ఆరో అంతస్తు. కిటికీ కింద మంచు తోసే బండి
రోడ్డును గీకుతోంది, మాడిన గిన్నె అడుగు గీకినట్టు.
పద్నాలుగో మంచం మీద ఆల్ఫీ కోమో,
నిన్న సాయంత్రం దాకా తన లాబ్‌స్టర్ బోనుల లెక్కలు
వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ చెప్పినవాడు,
ఉన్నట్టుండి పలకడం మానేశాడు.

నా పని రాయడం.
గుండె ఆగినచోట ఎవరో ఒకరు
గడియారం పక్కన నిలబడి రాయాలి.
చేతులు చేసేది చేతులు చేస్తాయి,
కాగితం మాత్రం నాది.

ముందు వచ్చింది మోరాగ్ గిల్లిస్.
రెండో ఏడు రెసిడెంట్. నా భుజం దాకా వస్తుంది.
పరుగులోనే జుట్టు ముడేసుకుని
మంచం కాళ్ళవైపు నిలబడింది,
నడిపించేవాళ్ళు నిలబడే చోటు.
వెనకే ట్రెంట్ బూడ్రో.
ఏడు నెలల ఇంటర్న్, ఆరడుగుల మూడంగుళాలు.
గది మొత్తం తలెత్తి అతన్నే చూసింది.
"డాక్టర్, ఇప్పుడేం చేద్దాం?"
ట్రెంట్ నోరు తెరిచి, మూశాడు.

మొదటి నిమిషం ఆమె మాటల చివర
ఒక 'అండి' వేలాడుతూనే ఉంది.
"కొంచెం ఛాతీ నొక్కుతారాండి?"
"వీలైతే ప్యాడ్లు అంటించండి."
వీలైతే!
మనిషి పోతుంటే వీలేమిటి?

మానిటర్ మీద గీత పిచ్చిగా వణికింది.
ఆమె గొంతు ఎక్కడికో దిగిపోయి
వేరే గొంతై పైకొచ్చింది.
"నొక్కు. ఇంకా లోతుగా.
వెర్నా, అడ్రినలిన్ ఒకటి.
ట్రెంట్, తరవాత నువ్వే, ఇటు రా.
మంచం వదలండి. అందరూ! దూరమన్నానా!"
షాక్.
"మళ్ళీ నొక్కు. ఆపకు. టైమెంత?"
పదకొండుమంది చేతులు
ఒకే దారానికి గుచ్చుకున్నాయి.
మూడూ పదహారు. మూడూ పద్దెనిమిది.
మూడూ ఇరవై రెండుకి, తొడ మొదట్లో వేళ్ళు పెట్టిన వెర్నా
కళ్ళు మూసుకుంది, తెరిచింది.
"ఉంది."

ఐసీయూ వాళ్ళు మంచాన్ని తోసుకెళ్ళాక
నేల మీద చింపిన ప్లాస్టిక్ తొడుగులు,
ఆల్ఫీది ఒక ఎడమకాలి చెప్పు.
ఆమె ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళింది.
"అరిచాను వెర్నా, ఏమీ అనుకోకు."
"నీ మాటకి అడ్డొచ్చాను కదా ట్రెంట్..."
గొంతులో గొట్టం వేసినతన్ని
మెట్ల దాకా వెంటపడి పట్టుకుంది.

ముప్పై ఏళ్ళుగా ఈ వార్డులో ఉన్న వెర్నా నవ్వలేదు.
"కిందటి వారం ఒక డాక్టరుగారు ట్రే విసిరారు.
నా వాటాకి క్షమాపణ రాలేదు,
సూదులు ఏరుకోవడం వచ్చింది" అంది.

ట్రెంట్ రొట్టెముక్కకి వెన్న రాస్తున్నాడు,
కత్తి పళ్ళేనికి టకటకా తగులుతోంది.
"అందరూ నన్నెందుకు చూశారు?
నాకేం తెలుసని?"
ఎవరూ జవాబు చెప్పలేదు.

చివరికి నా దగ్గరికి వచ్చింది.
"టైమెంత టైమెంతని నిన్ను విసిగించాను."
నేను కాగితాన్ని అరచేత్తో కప్పుకున్నాను.

అందులో పైన మొదటి గడి:
బృందాన్ని నడిపినవారు.
మూడూ పన్నెండుకి, ఎవరూ ఏమీ అనకముందే,
నేను రాసిన పేరు బూడ్రో.

మా దగ్గర తప్పుని తుడపకూడదు.
ఒకే ఒక్క గీత గీయాలి, కింద మాట కనబడాలి,
పక్కన దిద్దినవాడి పొడి అక్షరాలు, సమయం.
గీశాను. గిల్లిస్ అని రాశాను. మూడూ పదిహేడు.
అంటే అయిదు నిమిషాల పాటు
గదిని ఆమె నడిపింది,
నా కాగితాన్ని అతను నడిపాడు.

"ఫరవాలేదులే" అన్నాను.
అన్నది నేను! క్షమించేవాడిలాగా!

ఆమె తలూపి వెళ్ళిపోయింది,
అప్పుడే గుర్తొచ్చినట్టు జుట్టు విప్పుకుంటూ.
కింద బండి ఇంకో వీధికి మళ్ళింది.
కాగితం నకలు తీసి ఫైల్లో పెట్టాను.
నకల్లో గీత కొంచెం పలచబడింది,
పేరు ఇంకా బాగా కనబడుతోంది.