ఏడో నంబరు కుట్టు

వీళ్ళ మొహాల కంటే వీపులే నాకు బాగా తెలుసు.
పద్నాలుగు చొక్కాలూ నా మిషను కిందనుంచి వచ్చినవే.
ఎవరి భుజం ఏ పక్కకి దిగుతుందో
గెలిచిన వారంలో ఎవరి నడుం లావెక్కుతుందో
నా టేపు చెబుతుంది.

ఎప్పుడూ మూడో మెట్టు మీదే కూర్చుంటాను,
క్యాచర్ వెనకాల, రేకుల కప్పు కారని చోట.
పక్కన మిస్ ఆల్థియా, ఆమె కొబ్బరి రొట్టెల బుట్ట.
మైదానం అవతల బ్లూఫీల్డ్స్ అఖాతం, టీ నీళ్ళ రంగులో.
రాజధాని జట్టు పొద్దున్నే పడవ దిగింది, కొత్త బూట్లతో.
రెండు గంటలు వాన.
ఆ బూట్లు చూసి ఊరంతా జాలిపడింది.

మా ఓర్లిన్ కథ్‌బర్ట్ బంతి విసిరే ముందు
బొటనవేలితో దాని కుట్టు తడుముతాడు.
నూటెనిమిది కుట్లు, ఎర్రదారం, చేతిపని.
ఏ ఊళ్ళోనో నాలాంటిదే ఒకతె
బంతికింతని కూలికి కుట్టి ఉంటుంది.
వాడు తడిమినప్పుడల్లా నా వేలు దురద పెడుతుంది.

ఆరో ఇన్నింగ్స్‌లో చేతిలో పడ్డదాన్ని జారవిడిచారు.
ఏడులో ఇంకోటి.
రెండు, రెండు.
ఆల్థియా రొట్టెలమ్మడం మానేసింది.
"దేవుడు చూస్తున్నాడంటావా?"
"ఈ వానలో ఆయనా కళ్ళజోడు తుడుచుకోవాలి కదే" అన్నాను.

తొమ్మిది. ఇద్దరు ఔట్.
మూడో బేస్ మీద డెల్విన్ ఓమియెర్, ఏడో నంబరు.
రాతిరొయ్యల పడవలో పని వాడిది,
సోమవారం మళ్ళీ సముద్రమే.
బ్యాటు పట్టింది ఆర్చిబోల్డ్ వాళ్ళ చిన్నోడు.
వారమంతా వాడు కోసిన కోతలు
నా కత్తెర ఏడాదిలో కోయలేదు.

తడి బంతి.
అటు పిచ్చర్ వేళ్ళలోంచి జారి
నేలను కొట్టి
క్యాచర్ మోకాలిని తప్పించుకుని
మా కంచె దాకా దొర్లుకుంటూ వచ్చింది, తెలిసినవాళ్ళింటికి వచ్చినట్టు.

డెల్విన్ పరిగెత్తాడు.
బురదలో పొట్ట మీద జారాడు.
అంపైర్ చేతులు చాపాడు.
మూడు, రెండు.

చిన్నోడి బ్యాటు ఇంకా భుజం మీదే ఉంది.
పిల్లలు రేకులు వాయిస్తుంటే
మళ్ళీ వానొచ్చిందనుకున్నాను.
నిజానికి నేను ముందు విన్నది వేరే చప్పుడు:
పర్రుమని.
వాడి వీపు మీద ఏడు అంకె ఊడి
తోకలా వేలాడుతోంది.
జంటకుట్టు వెయ్యమని మేనేజరు మరీ మరీ చెప్పాడు.
దారం మిగుల్తుందని ఒంటికుట్టు వేశాను.
ఒప్పుకుంటున్నాను.

అందరూ డెల్విన్‌ని మోస్తుంటే
అవతలి పిచ్చర్ మట్టిదిబ్బ మీదే నిలబడి
తన చేతిని చూసుకుంటున్నాడు, ఎవరో పారేసుకున్న వస్తువులా.
పట్టుమని పంతొమ్మిదేళ్ళుండవు.
చొక్కా భుజాల దగ్గర రెండంగుళాలు వదులు.
వాడికెవరూ కొలత తీసుకోలేదు.
నాకు సంతోషంలో అదొక ముల్లు.

రాత్రి డెల్విన్ వచ్చాడు, చొక్కా చంకలో పెట్టుకుని.
"ఉతక్కు ఆంటీ, ఆ బురద ఉండనీ."
"ఎండితే సూది విరుగుతుందిరా."
మూడు రొట్టెలు తిన్నాడు, నాలుగోది చేతిలో ఉండగానే
కుర్చీలో నిద్రపోయాడు.

ఈసారి జంటకుట్టే వేశాను. కూలి అడగలేదు.
బురద మాత్రం ఉతికేశాను.