పది అంకెలు

చౌరస్తా కాడ గిన్నెల దుకాణం మెట్టు మీద
నా మిషిను, నా ముక్కాలి పీట.
ముప్పై ఏండ్ల సంది పేర్లు చెక్కుతున్న
బిందెల మీద, చెంబుల మీద, తాంబాళాల మీద
ఇచ్చినోళ్ల పేరు, ఊరు, తారీకు.
గిన్నెకు తోవ తప్పే భయం లేదు,
అయినా పేరు లేకుండ ఇంట్ల పెట్టుకోరు.

మొన్న కాశిబుగ్గ స్వరూప వచ్చింది.
చేతిల గిన్నె లేదు,
కుక్కను పట్టుకొచ్చింది.
వేయించిన పల్లి పొట్టు రంగు.
తోక మాత్రం సకినమే, రెండు సుట్లు.
పేరూ అదే.

మెడల బెల్టు, బెల్టుకు ఇత్తడి బిళ్ల.
అంకెలు చూసిన. నా చెయ్యే.
ఆ ఏడు వంకర ఇంకెవ్వరికి రాదు.
"రెండేండ్ల కింద నువ్వే చెక్కినవ్ కాకా."
"మరింకేంది?"
"ఇప్పుడది నా నంబరు కాదు."

మెట్టు మీద కూసోని చెప్పింది.

దీపావళి రాత్రి, సందుల లక్ష్మీబాంబు.
గేటు గడియ ఊడింది. ఒక్కటే ఉరుకు.
పోచమ్మ మైదాన్, ములుగు రోడ్డు,
చీకట్ల బిస్కెట్ పొట్లం గలగలలాడించుకుంట తిరిగింది.
మున్సిపాలిటీ బండి కాడికి పోయింది,
పశువుల దవాఖానకు పోయింది,
స్తంభాలకు జిరాక్స్ కాయితాలు అంటించింది.
వాన కురిస్తే
ఫొటోల ముందుగాల తోకనే కరిగింది.

తొమ్మిదో నాటి రాత్రి నిద్ర పట్టక
బిళ్ల యాదికొచ్చింది.
దాని మీద పాత సిమ్ము.
పోయినేడు ఏదో ఆఫరని మార్చింది.
బ్యాంకుల మార్పించింది, గ్యాసుకు మార్పించింది,
ఆధార్ కోసం లైన్ల నిలవడి మార్పించింది.
ఆ తులం ఇత్తడి మీద
మార్పించలే.

ఇంత చెప్పి కొద్దిసేపు మాట్లాడలే.
నేను మిషిను మీద పొడి ఊదుకుంట కూసున్న.

తెల్లారి తన పాత నంబరుకు తానే ఫోన్ చేసింది.
ఎవరో ఎత్తిండు. జమ్మికుంట పత్తి మార్కెట్ల హమాలీ.
"తమ్మీ, నువ్వెవరో నాకు తెల్వది.
ఇది ఒకప్పుడు నా నంబరు.
కుక్క గురించి ఎవరన్న చేసిండ్రా?"
వెనుక బస్తాలు దిగుతున్న చప్పుడు.
"చేసిండ్రక్కా, మూడు మాట్ల.
నాకు కుక్క లేదు, రాంగ్ నంబరని పెట్టేసిన.
మూడోసారి తిట్టిన గూడ."
మళ్ల తనే అన్నడు:
"ఆగు, లిస్టుల ఉంటది. తీస్త."

మడికొండల చాయ హోటలు, ఓదెలు అనే ఆయనది.
బెంచీ కింద పండుకోని ఉన్నది.
వాళ్లు రాజు అని పేరు పెట్టిండ్రు.
పిలిస్తే పలికేదట గూడ. ఆకలి గదా.
"బిళ్ల ఉన్నది, ఇంటోళ్లున్నరనుకున్న.
అందుకే ఎవరడిగినా ఇయ్యలే," అన్నడట.
తప్పు నంబరే,
అంత పని చేసింది.

బిళ్ల తిప్పిన. వెనుక నున్నగున్నది.
"పేరు గూడ చెక్కాల్నా?"
"పేరు ఎవరన్న పెట్టుకుంటరు కాకా. నంబరు చెక్కు.
కింద మా చెల్లెది గూడ."

ముందు దిక్కు పాత అంకెల మీద గీత కొడుతుంటే
సూది జర ఆగింది.
నేను చెక్కింది నేనే కొట్టేసుడు ఇదే మొదలు.
ఎన్ని బిందెల మీద సచ్చిపోయినోళ్ల పేర్లున్నయో,
ఒక్కరు గూడ తీసెయ్యమని రాలే.

అంకెకు ఐదు రూపాయలు, ఇరవై అంకెలు.
ఆమె పైసలు లెక్కపెడుతుంటే ఆగుమన్న.
జేబుల కెల్లి ఫోన్ తీసి
బిళ్ల చూసుకుంట ఒక్కొక్కటి ఒత్తిన.
ఆమె సంచిల మోగింది.
సకినం చెవులు లేపింది.

రెండోది ఒత్తిన.
కరీమాబాద్ల ఒక పిల్ల ఎత్తి
"ఎవరూ?" అన్నది.
"ఏం లేదు బిడ్డా,
మీ కుక్క ఈడనే ఉన్నది."